పట్టాల మీదికి పిలిచిన గొంతు

పోయిన వారం మనం ఎంపీ గారి ఆఫీసు హాల్లో, కిక్కిరిసిన బెంచీల మధ్య, ఒక పెద్దమ్మ అన్న మాట దగ్గర ఆగిపోయాం. అది గురువారం, అర్జీల రోజు. భర్త పోయాక వచ్చిన ఉప ఎన్నికలో గెలిచి, ఆయన కూర్చున్న కుర్చీలోనే కూర్చుని జనం గోడు వింటున్న మన ఎంపీ మేడమ్ ముందుకు, రైలు గేటు అవతలి కాలనీ నుంచి కుట్టుమిషను పెద్దమ్మ వచ్చి నిలబడింది. చేతిలో అర్జీ లేదు.

"ఊరికే ఒక మాట చెప్పి పోదామని వచ్చానమ్మా. సోమవారం పొద్దున కాలనీ అంతా వెళ్ళి గేటు దగ్గర పట్టాల మీద కూర్చుంటున్నాం. నిన్న సాయంత్రం అయ్యగారు ఫోన్ చేసి కూర్చోమన్నారు. మీకు తెలియకుండా చేయడం బాగుండదు కదా."

అయ్యగారంటే మేడమ్ భర్త. ఆయన పోయాక ఒక ఎండాకాలం గడిచింది. ఇప్పుడు వానలు పడుతున్నాయి.

హాల్లో ఎవరైనా నవ్వుతారేమోనని మేడమ్ చూసింది. ఎవరూ నవ్వలేదు. ఆ పెద్దమ్మను పిచ్చిదానిలా చూసినవాళ్ళూ లేరు. అదే మేడమ్‌ని భయపెట్టింది. వెనక బెంచీలో ఉన్న లారీ మెకానిక్ ఒకడు తల వంచుకునే, "మా ఇంటికీ చేశారండీ" అన్నాడు. ఇంకెవరో "అవును" అన్నారు. అంతే, మళ్ళీ అందరూ తమ తమ కాగితాల వంక చూసుకున్నారు.

"ఏ నంబరు నుంచి?" అంది మేడమ్.

"ఏ నంబరేమిటమ్మా, ఆయన నంబరే. ఊళ్ళో సగం గోడల మీద రాసుంది కదా."

పక్కన నిలబడ్డ పీఏ గొంతు సవరించుకున్నాడు. ఎవరు ఏ పని మీద వచ్చినా "రేపు చూద్దాం" అనడం ఆయనకు అలవాటు. అందుకే ఆఫీసులో అందరూ ఆయన్ని వెనకాల 'రేపుగారు' అంటారు. ఇప్పుడూ అదే అనబోయి, మేడమ్ మొహం చూసి నోరు మూసుకున్నాడు.

మేడమ్ లేచి లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. రాజకీయాల్లోకి రాకముందు ఆమె నీటి పరీక్షల ల్యాబులో పనిచేసింది. గాజు గొట్టంలో రంగు మారితే నమ్మేది, మారకపోతే లేదనేది. దయ్యాలూ ఆత్మలూ ఆమె ఇంట్లో ఎప్పుడూ మాటల్లోకి వచ్చినవి కావు. తన సెల్లు బల్ల మీద పెట్టేసి, ఆఫీసు ఫోను తీసి, ఆ నంబరు నొక్కింది. ఆమెకు చూసుకోనక్కర్లేకుండా నోటికి వచ్చిన నంబరు అదొక్కటే.

అవతల మోగింది. చెవిలో మోగుతున్న చప్పుడు కాక, ఇంకెక్కడో సన్నగా మరో మోత వినిపించింది. ఆమె ఫోను వైరు సాగినంత దూరం కిటికీ దగ్గరికి నడిచింది. ఆ మోత కింద నుంచి వస్తోంది. వానకి కట్టిన టార్పాలిన్ కింద, మెట్ల పక్కనున్న కళ్ళజోళ్ళ దుకాణంలోంచి.

మోత ఆగింది.

"హలో. ఎవరండీ?"

ఆయన గొంతు. భోజనం దగ్గరైనా, పెళ్ళిలోనైనా, పార్లమెంటు గుమ్మంలోనైనా మోగిన ఫోనల్లా ఎత్తి పలికిన గొంతు. ఆయనకు 'హలో ఎంపీ' అని పేరు తెచ్చిన గొంతు. ఆమె కిటికీ చువ్వ పట్టుకుని అలాగే నిలబడింది. "హలో? వినిపిస్తోందండీ, మాట్లాడండి" అని ఆ గొంతు ఓపికగా ఎదురుచూసింది. ఆమె రిసీవరు పెట్టేసి, వెనక తలుపు తీసుకుని మెట్లు దిగింది.

దుకాణం ఆమె మరిదిది. ఊరంతా అతన్ని చిన్నాయన అంటారు. అన్నగారు పెద్దాయన అయ్యారు కాబట్టి ఇతను చిన్నాయన అయ్యాడు, అంతకుమించి అతని గురించి ఎవరూ పెద్దగా ఆలోచించలేదు. మాట తక్కువ మనిషి. ఆమె వెళ్ళేసరికి గల్లా బల్ల వెనక కూర్చుని ఒక కళ్ళజోడు కాలికి స్క్రూ బిగిస్తున్నాడు. ఎదురుగా స్టూలు మీద ఒకాయన అద్దాలు మార్చే ఇనప ఫ్రేము పెట్టుకుని గోడ మీది అక్షరాలు చదువుతున్నాడు.

"ఆయన్ని పంపించు" అంది మేడమ్.

స్టూలు మీది మనిషి ఆమె గొంతు విని, ఎవరో పోల్చుకుని, గబగబా లేచి వానలోకి వెళ్ళిపోయాడు. ఇనప ఫ్రేము మొహాన అలాగే ఉంది. ఇంకోరోజైతే ఇద్దరూ పడీ పడీ నవ్వేవాళ్ళు.

"వదినా, మీరు కిందికొచ్చారేమిటి? కబురు పెడితే నేనే వచ్చేవాణ్ణి కదా."

"ఇంకోసారి అను."

"ఏమని?"

"హలో అని. ఇప్పుడే అన్నావు చూడు, అలా."

చిన్నాయన చేతిలోని స్క్రూ జారి బల్ల మీద పడి దొర్లింది. అతను దాన్ని వెతకలేదు. చుట్టూ అద్దాలు, గోడల నిండా ఖాళీ కళ్ళజోళ్ళు. వాటన్నిటి మధ్య అతని మొహం ఒక్కటే ఎటు చూడాలో తెలియక నిలబడిపోయింది.

"ఇందాక మీరా చేసింది?" అన్నాడు. ఇది అతని మామూలు గొంతే. కొంచెం సన్నగా, మాట చివర తడబడుతూ.

"ఎప్పటినుంచి?"

"ఆసుపత్రి నుంచి వదినా. అన్నయ్య గొంతుకి గొట్టం వేశారు కదా. ఆ రెండో రోజు ఫోను మోగింది. అన్నయ్య దాని వంకే చూస్తున్నాడు. నేను ఆపేయబోయాను. చెయ్యి పట్టుకున్నాడు. ఎత్తమని సైగ చేశాడు. ఎత్తాను. అవతలివాళ్ళు 'అయ్యా, మీరేనా' అన్నారు. చిన్నప్పటినుంచీ మా ఇద్దరి గొంతులూ ఒకటే అనేవాళ్ళు కదా, కాస్త లావు చేసి అవునన్నాను. అన్నయ్య నవ్వాడు. మొహమంతా నవ్వాడు వదినా. అప్పటినుంచి రోజూ మోగేది, రోజూ ఎత్తేవాణ్ణి. ఆయన పక్కన పడుకుని వినేవాడు."

"నేనెక్కడున్నాను అప్పుడు?"

"మందులకి వెళ్ళినప్పుడు. డాక్టరుతో మాట్లాడటానికి వెళ్ళినప్పుడు. మీరుండగా ఎత్తడానికి నాకు సిగ్గేసేది."

ఆమె స్టూలు మీద కూర్చుంది. ఆ మంచం పక్కన ఎన్ని వారాలు కూర్చుంది! ఆయన పెదాలు కదిలితే చాలు, వంగి, చెవి ఆనించి, ఏమన్నారు ఏమన్నారు అని అడిగింది. ఒక్క మాట దొరకలేదు. ఆమె దగ్గర ఆయన ఆఖరి మాట అంటూ ఏదీ లేదు.

"సరే, అప్పుడంటే ఆయన చెప్పారు. పోయాక?"

"పోయాక కూడా మోగింది. ఆఖరి ఊరేగింపు అయ్యి ఇంటికి నడిచి వస్తున్నాను, జేబులో మోగింది. ఎవరో ముసలాయన. పెన్షను ఆగిపోయిందంటాడు, మూడు ఊళ్ళు తిరిగానంటాడు, ఏడుస్తున్నాడు. ఆయనకి తెలియదు కాబోలనుకున్నాను. ఆ ఏడుపులో 'నేను పోయానండీ' అని ఎలా చెప్పను? రేపుగారికి చెప్పి ఆ పెన్షను వచ్చేట్టు చూశాను. తర్వాత ఇంకొకళ్ళు. ఆ తర్వాత ఆపడం నా చేతుల్లో లేకుండా పోయింది."

"రేపుగారికి చెప్పావా?"

"నా దుకాణానికి ఎవరో వచ్చి చెప్పారని చెప్పేవాణ్ణి. ఆయన మీరు చేయమన్నారనుకుని చేసేవాడు."

ఆమెకు పోయిన నెలలో సభ పెట్టి తను చదివిన పనులు గుర్తొచ్చాయి. బడి దగ్గర వీధి దీపాలు, మార్కెట్టు వెనక మురుగు కాలవ, ముసలాయన పెన్షను. అవన్నీ తన పనులేననుకుని గర్వపడింది. అప్పుడు చప్పట్లు కొట్టినవాళ్ళు ఎవరికి కొట్టారు?

"నేనూ చేశాను" అంది.

"ఏమిటి వదినా?"

"ఆ నంబరుకి. ఆయన పోయిన వారానికి. మధ్యాహ్నం ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నాను. మోగుతుందో లేదో చూద్దామని చేశాను. మోగింది. ఎత్తలేదు. ఆగిపోయేదాకా చెవి దగ్గరే పెట్టుకున్నాను."

చిన్నాయన రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. "తెలుసు వదినా. మీ పేరు పడింది. ఇదిగో, ఈ కుర్చీలోనే ఉన్నాను. ఊళ్ళో అందరికీ పలికినవాణ్ణి, మీకు పలకలేకపోయాను."

వాన పెద్దదైంది. టార్పాలిన్ మీంచి నీళ్ళు గుమ్మంలోకి కొడుతున్నాయి. ఆమెకు అతని మీద జాలి కలగబోయింది. అంతలో పెద్దమ్మ మాట గుర్తొచ్చి అది కాస్తా కోపమైంది.

"అయిందేదో అయింది. కానీ పట్టాల మీద కూర్చోమని ఏ నోటితో చెప్పావు? వానల్లో, మలుపు దగ్గర, ఆ ముసలమ్మలని! ఎవరికైనా ఏమన్నా అయితే? ఆయన బతికుంటే ఆ మాట అనేవారా?"

చిన్నాయన చేతులు తీసి ఆమె వంక చూశాడు. నిజంగానే అర్థం కానట్టు చూశాడు.

"పట్టాలేమిటి?"

"నాటకాలాడకు. నిన్న సాయంత్రం కాలనీలో ఇంటింటికీ ఫోన్ చేశావట."

"వదినా, నేను వచ్చిన ఫోన్లు ఎత్తాను. అంతే. నా అంతట నేను ఆ ఫోన్లోంచి ఎవరికీ ఎప్పుడూ చేయలేదు. ఆయన గొంతుతో ఒకళ్ళని పలకరించే ధైర్యం నాకెక్కడిది? నిన్న సాయంత్రం అసలు దుకాణమే తీయలేదు, జ్వరంతో పడుకున్నాను. మీ తోటికోడల్ని అడగండి."

ఆమె నమ్మలేదు. ఇంత అబద్ధం ఆడినవాడు ఇంకొకటి ఆడడని ఏముంది? లేచి, బల్ల మీదున్న ఆయన పాత సెల్లు అతని ముందుకు తోసింది.

"రేపే వెళ్ళి ఈ నంబరు రద్దు చేయించు. ఇంక మోగకూడదు."

"అలాగే వదినా" అన్నాడు. అని, ఆ ఫోనును చిన్నపిల్లను తీసుకున్నట్టు రెండు చేతులతో తీసుకున్నాడు.

శనివారం మధ్యాహ్నం ఆమె కారు గేటు ఇవతలే వదిలి కాలనీకి నడిచి వెళ్ళింది. రేపుగారు గొడుగు పట్టుకుని వెంట వస్తానన్నాడు, వద్దంది. ప్రమాదాలు జరుగుతున్నాయని ఆ గేటు మూసి చాలాకాలమైంది. కింద నుంచి దారి తవ్విస్తామన్నారు. తవ్వలేదు. బండి వెళ్ళాలంటే ఊరు చుట్టి పెద్ద వంతెన మీంచి వెళ్ళాలి. మనుషులు మాత్రం అందరూ చేసే పనే చేస్తారు. ఎంపీ మేడమ్ కూడా నడుం వంచి, మూసి ఉన్న గేటు కింద నుంచి దూరి, అటూ ఇటూ చూసి పట్టాలు దాటింది.

కుట్టుమిషను పెద్దమ్మ ఇల్లు పట్టాలకి ఎదురుగానే. ముందు గదిలో మిషను, దాని చుట్టూ ఏదో కార్ఖానా వాళ్ళకి కుట్టే నీలం కోట్లు గుట్టలుగా. ఒకటి సగం కుట్టి ఉంది.

"రండమ్మా, ఆ గుట్ట పక్కకి తోసి కూర్చోండి. ఈ కోటు చెయ్యి కుట్టేసి వస్తా, లేకపోతే దారం తెగుతుంది" అంటూ తొక్కడం ఆపలేదు పెద్దమ్మ.

మేడమ్ కూర్చుంది. చెప్పాల్సింది దారంతా మనసులో అనుకుంటూనే వచ్చింది.

"పెద్దమ్మా, మీ అందరికీ ఒక తప్పు జరిగింది. నా ఇంట్లోనే జరిగింది. మీకు ఫోన్లో పలికేది ఆయన కాదు. ఆయన తమ్ముడు."

మిషను టకటకా సాగుతూనే ఉంది.

"తెలుసమ్మా."

"తెలుసా?"

"తెలియకపోవడమేమిటి? నేను ఆయన ఆఖరి ఊరేగింపులో నడవలేదూ? కళ్ళజోళ్ళ దుకాణంలో దగ్గితే పోల్చుకుంటాం చిన్నాయన్ని, ఫోన్లో పోల్చుకోలేమా? పాపం, గొంతు లావు చేసి మాట్లాడి మాట్లాడి ఆఖరికి దగ్గు వస్తుంది ఆయనకి. మేము కనిపెట్టలేదనుకుంటున్నారు. పోనీలే, నొప్పించడం ఎందుకని మేమూ ఎవరం అనలేదు."

మరిది ఊరిని మోసం చేశాడనుకుంది మేడమ్. ఊరే అతన్ని పసివాణ్ణి ఆడించినట్టు ఆడించింది.

"మరి తెలిసీ ఎందుకు చేస్తున్నారు? నా ఆఫీసు తలుపులు తెరిచే ఉన్నాయి కదా. నేను వినడం లేదా?"

పెద్దమ్మ కోటు చెయ్యి తిప్పి దారం కొరికింది. "వింటారమ్మా. కాగితం తీసుకుంటారు, ముద్ర కొడతారు, పని కూడా అవుతుంది. అబద్ధం ఎందుకు చెప్పాలి, ఆయన హయాంలో కన్నా గబగబా అవుతోంది. కానీ ఆయనైతే మధ్య మధ్యలో ఊఁ అనేవారు. ఆ ఊఁ కోసం చేస్తాం."

కిటికీలోంచి గేటు కనిపిస్తోంది. పెద్దమ్మ అటు చూసింది.

"మా ఆయనకి గుండె పట్టేసినప్పుడు ఆసుపత్రి బండి వచ్చిందమ్మా. అదిగో, ఆ గేటు దగ్గరికి వచ్చి ఆగింది. ఇటు రాలేదు. చుట్టి రమ్మంటే చుట్టి బయల్దేరింది. అది తిప్పుకునేదాకా దాని ఎర్రలైటు ఈ గోడ మీద తిరుగుతూ ఉంది. ఈయన దాన్నే చూస్తున్నాడు. 'వచ్చేసింది కదే, వచ్చేసింది' అన్నాడు. అంతే. ఆ సంగతి మీ ఆయనకి ఫోన్లో ఎన్నిసార్లు చెప్పానో నాకే తెలియదు. ఒక్కసారి కూడా 'ఇది చెప్పారుగా అక్కా' అనలేదు."

మేడమ్ ఆ గోడ వంక చూసింది. వట్టి సున్నం గోడ. మేకుకి ఒక కత్తెర వేలాడుతోంది. అయినా చూపు తిప్పుకోవడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.

"సోమవారం ఎవరూ పట్టాల మీదికి వెళ్ళద్దు పెద్దమ్మా. నేను అధికారులతో మాట్లాడతాను. వద్దు, మాట వినండి."

పెద్దమ్మ నవ్వింది. ఎగతాళి నవ్వు కాదు, పాత స్నేహితుడి మాట నిజమైతే నవ్వే నవ్వు.

"ఇదే అన్నారమ్మా అయ్యగారు. 'మా ఆవిడ మీ ఇంటికొస్తుంది. ముందు వద్దంటుంది. తర్వాత తనే వచ్చి మీ పక్కన కూర్చుంటుంది. చోటు ఉంచండక్కా' అన్నారు."

"అది కూడా చిన్నాయనే కదా."

మిషను ఆగింది. ఆ గదిలో అంతవరకు మిషను చప్పుడే ఉందని, అది ఆగాకే తెలిసింది.

"కాదమ్మా. చిన్నాయన నన్ను అమ్మా అంటారు. అక్కా అని పిలిచింది మీ ఆయనొక్కరే. బుధవారం నాడు మాట్లాడింది ఆయనే. దగ్గు లేదు, తడబాటు లేదు. నాకు భయం కూడా వేయలేదు. పెట్టేశాక వేసింది. పక్కింటికి వెళ్ళి చెబుదామని లేచాను, వాళ్ళే ఎదురొస్తున్నారు నాకు చెప్పడానికి."

ఆదివారమంతా మేడమ్ ఫోన్లు చేస్తూనే ఉంది. రైల్వే పెద్ద ఆఫీసరు సెలవు రోజున కూడా మర్యాదగానే మాట్లాడాడు. ఫైలు కదులుతోందన్నాడు. ఎప్పటినుంచి కదులుతోందని అడిగితే, అది చూసి చెప్పాలన్నాడు. కాలనీవాళ్ళు ఆగరన్నాక, పొద్దుటి రైలు బండిని ముందు స్టేషన్లో నిలిపేయడానికి మాత్రం ఒప్పుకున్నాడు. ఫోను పెట్టేశాక ఆమె భర్త కుర్చీలోనే కూర్చుండిపోయింది. మీ పక్కనే కూర్చుంటుంది అన్నారట. తన గురించి అంత ధీమాగా చెప్పగలిగిన మనిషి తనతో ఎందుకు ఒక్క మాట చెప్పకుండా పోయాడు? పెద్దమ్మకి చేసిన ఫోను తనకెందుకు రాలేదు? చిన్నతనంగా అనిపించినా, ఆ ఈర్ష్య గుండెలో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. చనిపోయిన మనిషి మీద అలగడం ఏమిటని తనను తనే తిట్టుకుంది.

సోమవారం తెల్లవారేసరికి వాన వెలిసింది. ఆమె వెళ్ళేటప్పటికి కాలనీ అంతా పట్టాల మీదే ఉంది. కార్ఖానాకి పోవాల్సినవాళ్ళు నీలం కోట్లతోనే వచ్చి కూర్చున్నారు. ఎవరూ నినాదాలు ఇవ్వడం లేదు, జెండాలు లేవు. వరసలో నడిమధ్య పెద్దమ్మ. ఆమె పక్కన ఒక మనిషికి సరిపడా ఖాళీ. వెనకనుంచి వచ్చినవాళ్ళు కూడా ఆ ఖాళీని తప్పుకుని వేరేచోట కూర్చుంటున్నారు.

మేడమ్ వెళ్ళి ఆ ఖాళీలో కూర్చుంది. పట్టా తడిగా, మంచులా ఉంది. పెద్దమ్మ తన శాలువ సగం ఆమె మోకాళ్ళ మీద కప్పింది.

కాసేపటికి జీపులో రైల్వే ఆఫీసరు దిగాడు. జనంలో ఎంపీని చూసి కంగారుపడి దగ్గరికొచ్చాడు.

"మేడమ్, మీరే ఇలా కింద కూర్చుంటే మేమేం చేయగలం చెప్పండి?"

"మీరూ కూర్చోవచ్చు. చోటుంది."

జనం నవ్వారు. ఆఫీసరు కూడా నవ్వబోయి, ఆమె మొహంలో నవ్వు లేకపోవడం చూసి ఆగాడు.

"కింద దారి తవ్వడం నా చేతుల్లో లేదండీ, మీకు తెలుసు."

"తెలుసు. ఆ సంగతి పార్లమెంటులో నేను చూసుకుంటాను. మీ చేతుల్లో ఉన్నది అడుగుతున్నాను. ఆసుపత్రి బండి వస్తే ఈ గేటు ఎత్తాలి. పగలూ రాత్రీ ఇక్కడ ఒక మనిషి ఉండాలి. దారి పూర్తయ్యేదాకా. ఇది మీ సంతకంతో అవుతుందా, అవదా?"

ఆఫీసరు అటు తిరిగి ఒకటి రెండు ఫోన్లు చేశాడు. చెమట తుడుచుకున్నాడు. ఆమె లేవలేదు, గొంతు పెంచలేదు. ఆయన ఏ సాకు చెప్పినా పూర్తిగా విని, మధ్యలో ఊఁ అంటూ, చివరికి మళ్ళీ అదే ప్రశ్న అడిగింది. తను ఊఁ అంటున్నట్టు ఆమెకు తెలియదు. పెద్దమ్మకు తెలిసింది.

"అవుతుంది" అన్నాడు ఆఫీసరు ఆఖరికి. "తాత్కాలికంగా. ఈ రోజునుంచే."

ఒక్కసారి అందరూ మాట్లాడటం మొదలుపెట్టారు. కొందరు ఏడ్చారు. ఆఫీసరు మనుషులు గేటు పక్కనున్న కాపలా గది దగ్గరికి వెళ్ళారు. గేటు మూసినప్పుడే దానికీ తాళం వేశారు. గేటు ఎత్తే చక్రం ఆ గదిలోనే ఉందట. తుప్పు పట్టిన తాళం బద్దలుకొడుతుండగా, జనాన్ని తోసుకుంటూ చిన్నాయన వచ్చాడు. మనిషి పాలిపోయి ఉన్నాడు.

"వదినా, మీరు చెప్పినట్టే శుక్రవారం నాడు నంబరు రద్దు చేయించాను. కావాలంటే చూడండి, ఇదిగో, ప్రాణం లేని డబ్బా. అయినా ఇందాక దారిలో ఇద్దరు కనిపించి..."

"శుక్రవారమా?" అంది పెద్దమ్మ. "కాదే. నిన్న సాయంత్రం కూడా చేశారే నాకు! చలిగా ఉంటుంది, శాలువ పట్టుకురండక్కా, తనకి మోకాళ్ళ నొప్పులు అన్నారు."

మేడమ్ మోకాళ్ళ మీద కప్పిన శాలువ వంక చూసుకుంది. ఆ నొప్పుల సంగతి ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు. చిన్నాయన చేతిలోని ఆ ఫోనును తిప్పి తిప్పి చూసుకున్నాడు.

అప్పుడే తాళం విరిగింది. తలుపు కిర్రుమంటూ తెరుచుకుంది. లోపల సాలెగూళ్ళు, చక్రం, ఒక విరిగిన స్టూలు, గోడకి ఒక పాత నల్ల ఫోను. ఇద్దరు మనుషులు చక్రం తిప్పితే, గేటు మూలుగుతూ కొంచెం కొంచెం పైకి లేచింది. జనం ఈలలు వేశారు.

ఆ ఈలల మధ్య మొదట ఎవరికీ వినపడలేదు. చక్రం తిప్పుతున్నవాళ్ళు మాత్రం చేతులు వదిలేసి బయటికొచ్చేశారు. ఒకరి తర్వాత ఒకరుగా అందరూ మాటలు ఆపేశారు.

గదిలో ఫోను మోగుతోంది.

"ఈ లైను తీసేసి ఎన్నాళ్ళో అయిందండీ" అన్నాడు ఆఫీసరు. ఎవరూ అడగకపోయినా అన్నాడు. "గేటు మూసిన రోజే తీసేశాం."

అది ఆగలేదు. తొందర లేనట్టు, ఎంతసేపైనా ఎదురుచూస్తానన్నట్టు మోగుతోంది. చిన్నాయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక వదిన చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి.

"వెళ్ళద్దు వదినా. నేను కాదు అది. ఒట్టు, నేను కాదు."

"తెలుసు" అంది ఆమె.

మెల్లగా చెయ్యి విడిపించుకుంది. శాలువ మడిచి పెద్దమ్మ ఒళ్ళో పెట్టింది. జనం పక్కకి జరిగి దారి ఇచ్చారు. ఆమె గదిలోకి నడిచి, దుమ్ము పట్టిన రిసీవరు ఎత్తి చెవికి ఆనించుకుంది. కళ్ళు మూసుకుంది.

"చెప్పండి" అంది.